తొలి విజయం – అభిమానుల మనోభావాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నవారు తమ తమ రాశులకు ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని ఆత్రంగా లెక్క చూసుకొంటారు. సంవత్సరమంతా ఆ లెక్క ప్రకారమే నడుస్తుందని గట్టిగా నమ్మేవారు కొద్దిమందే. అయినా అవమానం అంకె తక్కువగా ఉన్నదని వినగానే ఎవరి ముఖమైనా వికసిస్తుంది. ఫుట్‌బాల్ అభిమానికి తన జట్టు ఆడే మొదటి పోటీ అటువంటి పంచాంగ శ్రవణమే. ముందున్నది నెలల తరబడి సాగే పోటీల వరుస. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్న. మొదటి పోటీలో వచ్చే మూడు పాయింట్లకూ చివరి పోటీలో వచ్చే మూడు పాయింట్లకూ పట్టికలో విలువ ఒక్కటే. గణితం దృష్టిలో భేదం లేని ఈ రెండింటికీ అభిమాని హృదయంలో ఇంత భేదం ఎందుకు కలుగుతున్నది? ఈ వ్యాసంలో మేము విచారించదలచిన విషయం ఇదే.

ఇందుకు మన తెలుగునాటి ఉదాహరణమే ఒకటి ఉన్నది. 2020వ సంవత్సరం నవంబరు 23వ తేదీ సాయంకాలం, గోవాలోని బాంబోలిం మైదానంలో, ఇండియన్ సూపర్ లీగ్ పోటీలలో భాగంగా హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఆ సీజనులో తన మొదటి ఆట ఆడింది. ఎదుటి పక్షం ఒడిశా. ఆట 35వ నిమిషంలో హైదరాబాదుకు పెనాల్టీ లభించింది. స్పెయిన్ దేశపు ఆటగాడు అరిడానె శాంటానా దానిని గోలుగా మలిచాడు. తక్కిన సమయమంతా మరొక గోలు పడలేదు. 1–0 తేడాతో హైదరాబాదు గెలిచింది. వార్తాపత్రికలో రెండు పేరాలకు మించని సంగతి ఇది. కాని ఆ గెలుపు వెనుక ఉన్న కథ తెలిసినవారికి అది చిన్న సంగతిగా తోచలేదు.

ఆ జట్టు పుట్టినది 2019లో. మొదటి సీజనులో ఆడిన మొదటి ఆటలోనే కలకత్తా జట్టు చేతిలో 5–0 తేడాతో ఓడింది. ఆ తరువాత గచ్చిబౌలి మైదానంలో, స్వజనుల సమక్షంలో, కేరళ జట్టును 2–1తో ఓడించి కొంత పరువు దక్కించుకొన్నది గాని, ఆ సంతోషం నిలువలేదు. ఆ ఏడు ఆడిన 18 ఆటలలో గెలిచినవి రెండు, సమానమైనవి నాలుగు, ఓడినవి పన్నెండు. పది పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచింది. మరుసటి సీజనుకు సన్నద్ధమవుతున్న తరుణంలో శిక్షకుడు ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్ళిపోయాడు. ఆ స్థానంలో మనోలో మార్క్వెజ్ అనే మరొక స్పెయిన్ దేశస్థుడు వచ్చాడు. మన ప్రాంతంలో అంతకుముందు ఆయన పేరు విన్నవారు అరుదు. ఇన్ని సందేహాల నడుమ వచ్చిన గెలుపు కనుకనే అది ఒక్క గోలు గెలుపైనా అభిమానులకు కొండంత ధైర్యం ఇచ్చింది.

మరొక విశేషం కూడా చెప్పవలసి ఉన్నది. కరోనా మహమ్మారి కారణంగా ఆ సీజనులోని ఆటలన్నీ గోవాలోని మూడు మైదానాలలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. గోలు పడినప్పుడు లేచి అరిచేవారు లేరు, డప్పు కొట్టేవారు లేరు, జెండా ఊపేవారు లేరు. గచ్చిబౌలిలో గొంతు కలిపి పాడే డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం కూడా ఇళ్ళకే పరిమితమయింది. అందుచేత ఆ గెలుపును అభిమానులు ఎవరి ఇంట వారే, ఎవరి ఊరిలో వారే అనుభవించవలసి వచ్చింది. జనసమూహపు ఉద్రేకం తోడులేనప్పుడు అభిమానం ఏ రూపంలో ఉంటుందో పరిశీలించడానికి అది మంచి అవకాశం.

ఆ సాయంకాలం మేము కొందరం వెంకటాచలంలో ఒక మిత్రుని మిద్దెమీద చేరాము. మాలో ఉర్దూ ఇంటిభాషగా గలవారు ఉన్నారు, తెలుగు ఇంటిభాషగా గలవారు ఉన్నారు. అందరికీ కలిపి ఉన్నది ఒక సెల్‌ఫోను. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది. ఆ తరువాత రెండు మూడు రోజులలోనే నివర్ తుఫాను మన జిల్లాను వానలతో ముంచెత్తింది. సిగ్నలు తడవ తడవకూ ఆగిపోతుండగా, పెనాల్టీ కొట్టడానికి శాంటానా పరుగెత్తుతున్న క్షణంలో తెర నిలిచిపోయింది. మళ్ళీ బొమ్మ కదిలేసరికి ఆటగాళ్ళు కౌగలించుకొంటున్నారు. గోలు చూడకుండానే గోలుకు సంతోషించిన వింత మాకు అప్పుడే అనుభవమైంది. అప్పుడు మాలో ఒకడు "మనం కొట్టేశాం" అన్నాడు. మరొకడు "హమ్ జీతేంగే" అన్నాడు. బాంబోలిం మైదానానికి కొన్ని వందల మైళ్ళ దూరంలో, బంతిని తాకని మేము, "మనం కొట్టాం" అనడానికి ఏ అధికారం ఉన్నదని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. తరువాత ఆలోచించగా, ఈ విషయంలోని అసలు రహస్యం ఆ చిన్న మాటలోనే ఉన్నదని మాకు తోచింది.

మొదట ఆ గెలుపుకు అభిమానుల స్పందనలు ఎన్ని విధాలుగా ఉన్నవో చూద్దాం. మా మిద్దెమీదనే నాలుగు విధాలు కనబడ్డాయి. ఎక్కడైనా ఇంచుమించు ఈ నాలుగే కనబడతాయని మా నమ్మకం.

మొదటివారు ఉల్లాసపరులు. వీరు మొదటి గెలుపుతోనే కప్పు ఇంటికి వచ్చినట్లు భావిస్తారు. ఏరువాక సాగిన నాడే గాదెలో ధాన్యం కొలిచే రైతు వంటివారు. వీరిని చూచి నవ్వడం తేలిక. కాని చలికాలపు రాత్రులలో ఓటమి వెనుక ఓటమి వచ్చినా ఆట చూడడం మానని వారిలో ఎక్కువమంది వీరే.

రెండవవారు శంకాపరులు. గెలుపు వచ్చినా వీరికి నిద్ర రాదు. "ఒక్క పెనాల్టీతో గెలిచాం, ఆటలోనుండి వచ్చిన గోలు ఏది?" అని అడుగుతారు. నిరుడు దెబ్బ తిన్నవారు కనుక ఆశను కొద్దికొద్దిగా ఖర్చు చేస్తారు. పైకి పెదవి విరుపుగా కనబడినా లోపల వీరిది గాఢమైన ప్రేమ. ఆశపడి భంగపడడం కంటె ఆశపడకుండా ఆశ్చర్యపోవడం మేలని వీరి మతం.

మూడవవారు గణకులు. వీరు ఆట ముగిసీ ముగియకముందే కాగితం తీసి, ఇరవై ఆటలకు ఎన్ని పాయింట్లు వస్తే మొదటి నాలుగు స్థానాలలోనికి చేరవచ్చునో లెక్క కడతారు. మొదటి గెలుపు వీరికి ఒక ప్రమాణం. గడచిన సీజను మొత్తంలో రెండు గెలుపులే ఉన్న జట్టుకు తొలినాడే ఒకటి రావడమంటే పాత లెక్కలో సగం తీరినట్లేనని మాకు చూపినవారు వీరే.

నాలుగవవారు విమర్శకులు. గెలుపునాడే తప్పులు ఎత్తి చూపడం వీరి స్వభావం. ఓడిన నాడు చేసే విమర్శలో కోపం కలిసి ఉంటుంది, గెలిచిన నాటి విమర్శలో విచక్షణ ఉంటుంది. కనుక వీరి మాట చేదైనా జట్టుకు మేలు చేసేదే.

ఈ నలుగురి మాటలు నాలుగు దారులు పట్టినా, ఒక్క విషయంలో అందరూ ఏకమైనారు. ఉల్లాసపరుడూ శంకాపరుడూ కూడా "గెలిచాం" అనే అన్నారు, "గెలిచారు" అని ఒక్కరూ అనలేదు.

ఈ సంగతిని అమెరికాలో శాస్త్రీయంగా పరిశీలించినవారు ఉన్నారు. రాబర్ట్ సియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1976లో ఒక పరిశోధనను ప్రకటించాడు. ఏడు విశ్వవిద్యాలయాలలో, శనివారం నాడు ఫుట్‌బాల్ పోటీ జరిగిన పిదప, సోమవారం నాడు తరగతికి వచ్చిన విద్యార్థుల దుస్తులను వారు గమనించారు. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, చేతితో కూడ ఆడే వేరొక ఆట. తమ జట్టు గెలిచిన వారంలో విశ్వవిద్యాలయపు పేరూ చిహ్నమూ గల చొక్కాలు ఎక్కువగా కనబడ్డాయి. ఓడిన వారంలో తక్కువగా కనబడ్డాయి. మరొక ప్రయోగంలో విద్యార్థులకు టెలిఫోను చేసి ఆట సంగతి చెప్పమన్నారు. గెలుపును వర్ణించేటప్పుడు "మేము" అన్నవారు ఎక్కువ, ఓటమిని వర్ణించేటప్పుడు ఆ మాట వాడినవారు తక్కువ. ఇతరుల కీర్తి వెలుగులో చలి కాచుకోవడం మానవ స్వభావమని వారు తేల్చారు.

ఈ విషయంలో మన తెలుగుకు ఇంగ్లీషు భాషకు లేని సదుపాయం ఒకటి ఉన్నది. ఇంగ్లీషువారికి ఉన్న ఒక్క మాటకు మనకు రెండు మాటలు: "మేము", "మనము". వినేవానిని వెలుపల ఉంచి చెప్పేది "మేము", వినేవానిని కూడ లోపలికి పిలిచేది "మనము". ఉర్దూలో "హమ్" అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. మన దక్కనీ సోదరులు మాత్రం "అపన్" అనే మాటతో ఆ లోటు తీర్చుకొన్నారు. మైదానంలో ఆడిన పదకొండుగురు "మేము గెలిచాము" అంటే అది సత్యం. చూచినవాడు "మనం గెలిచాం" అన్నప్పుడు ఆటగాణ్ణి, ఇరుగుపొరుగును, వింటున్న అపరిచితుణ్ణి కూడ ఒక్క పంక్తిలో కూర్చోబెడుతున్నాడు. ఇందులో గొప్పలు చెప్పుకోవడం కొంత ఉన్నమాట నిజమే. అంతకంటె ఎక్కువగా ఉన్నది బంధుత్వం కోరుకోవడం. ఇంటింటా తలుపులు మూసుకొని, మనిషిని చూచి మనిషి ఎడంగా జరిగిన ఆ 2020వ సంవత్సరంలో, ఆ "మనం" అన్న మాటకు ఎంత విలువ ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి గెలుపు వార్త విని సంతోషించినవారిలో మా పెద్దలు కొందరు ఉన్నారు. వారి సంతోషానికి కారణం వేరు. వారికి హైదరాబాదు ఫుట్‌బాల్ అనగానే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు జ్ఞప్తికి వస్తుంది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం సాహెబ్ 1943 నుండి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆయన తీర్చిదిద్దిన ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడ సాధించింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం పొందింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానం పొందింది. తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ వంటి ఆటగాళ్ళు ఆ జంటనగరాల మట్టిలో ఆడి పెరిగినవారే. మతమేదైనా, ఇంటిభాష ఏదైనా, బంతి అందించడానికి అవేవీ అడ్డురాని జట్లు అవి. రహీం సాహెబ్ 1963లో మరణించిన తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ క్రమంగా వెనుకబడింది. ఆ పాత వైభవాన్ని రేడియోలో విన్నవారికి, తండ్రుల నోట విన్నవారికి, 2020 నాటి ఒక్క గోలు గెలుపు ఆరిపోయిన పొయ్యిలో కనబడిన నిప్పురవ్వలాగా తోచింది. అభిమానుల ప్రతిస్పందనలో జ్ఞాపకానికి ఎంత భాగం ఉన్నదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

ఇక మొదటి గెలుపు మున్ముందు జరుగబోయేదానిని నిజంగా సూచిస్తుందా? దీనికి సమాధానం ఆ జట్టు చరిత్రలోనే ఉన్నది. 2020–21 సీజనులో తొలి గెలుపు తరువాత హైదరాబాదు మొత్తం 20 ఆటలలో 6 గెలిచి, 11 సమానం చేసి, 3 మాత్రమే ఓడి, 29 పాయింట్లతో ఐదవ స్థానంలో నిలిచింది. నాకౌటు దశకు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. చివరి ఆటలో గోవాతో 0–0గా సమానం కావడంతో ఆ ఆశ తీరలేదు. అట్టడుగునుండి ఐదవ స్థానం వరకు రావడం తక్కువ ప్రగతి కాదు గాని, తొలిరాత్రి ఉల్లాసపరులు కలగన్నది అది కాదు.

సరిగా ఏడాది తిరిగి 2021 నవంబరు 23న అదే జట్టు తన తరువాతి సీజనును చెన్నై జట్టుతో ఆరంభించి 1–0తో ఓడిపోయింది. ఆ రాత్రి మా మిద్దెమీద మాటలు లేవు. శంకాపరులు తలలు పంకించారు. కాని ఆ సీజను ముగిసేసరికి, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో జరిగిన అంతిమ పోటీలో, కేరళతో 1–1గా సమానమై, పెనాల్టీలలో 3–1తో గెలిచి కప్పును చేజిక్కించుకొన్నది ఆ జట్టే. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ పెనాల్టీలలో మూడింటిని ఆపాడు. గెలుపుతో మొదలైన ఏడు ఐదవ స్థానం, ఓటమితో మొదలైన ఏడు కప్పు! 1962 జకార్తా క్రీడలలోను ఇట్లే జరిగింది. రహీం సాహెబ్ జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. ఫైనలులో అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణ పతకం తెచ్చింది. కనుక తొలి గెలుపును జోస్యంగా తీసుకోవడం పొరపాటు. అది ఆ పూట ఆకలి తీర్చిన అన్నం వంటిది. రేపటి అన్నానికి రేపు మళ్ళీ పొయ్యి వెలిగించవలసిందే.

ఇంతవరకు చెప్పినది సంతోషపు కథ. తక్కిన భాగం చెప్పకపోతే సత్యానికి లోపం చేసినవారమవుతాము. కప్పు గెలిచిన జట్టు కొద్దికాలంలోనే ఆర్థిక సంకటాలలో పడింది. ఆటగాళ్ళు ఒకరి వెంట ఒకరు విడిచిపోయారు. 2023–24 సీజనులో ఒకే ఒక గెలుపుతో, 8 పాయింట్లతో, మళ్ళీ అట్టడుగుకు చేరింది. 2025లో ఆ క్లబ్ హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకొన్నది. "మనం గెలిచాం" అన్నవారిని ఎవరూ ఒక మాట అడగలేదు. "మనం" అన్న మాటకు హృదయంలో ఎంత హక్కు ఉన్నదో, దస్తావేజులో అంత హక్కు లేదని ఆనాడు తెలిసింది.

ఈ బాధలో మేము మరొక సంగతి గుర్తు తెచ్చుకొన్నాము. హైదరాబాదు క్లబ్ 2019లో అవతరించినది పుణే నగరపు క్లబ్ మూతపడిన స్థానంలో. ఆనాడు పుణేలో ఎందరు పిల్లలు తమ జట్టు చొక్కాలను పెట్టెలో పెట్టుకొని బాధపడ్డారో మేము ఆలోచించలేదు. మన ఇంట వెలిగిన దీపానికి నూనె ఎవరి ఇంటినుండి వచ్చిందో అడగకుండానే మేము పండుగ చేసుకొన్నాము. ఇప్పుడు ఢిల్లీలో ఎవరో కుర్రవాడు ఆ జట్టు తొలి గెలుపుకు "మనం గెలిచాం" అంటాడు. అతని సంతోషాన్ని మేము తప్పుపట్టలేము. అతనికి ఆ సంతోషం కలకాలం నిలవాలని మాత్రం కోరుకొంటాము.

మరి అభిమానం వృథాయేనా? కాదని మా అభిప్రాయం. జట్టు తరలిపోయినా, ఆ నవంబరు రాత్రి మిద్దెమీద చేరినవారి స్నేహం తరలిపోలేదు. ఉర్దూ తరగతిలో వారూ, తెలుగు తరగతిలో వారూ అంతవరకు వరండాలో పలుకరించుకొని సాగిపోయేవారు. ఒక సెల్‌ఫోను చుట్టూ తలలు కలిపిన తరువాత ఒకరి ఇంటి రంజాన్ సేమ్యా మరొకరు రుచి చూశారు, ఒకరి ఇంటి సంక్రాంతి అరిసెలు మరొకరు పంచుకొన్నారు. క్లబ్బు యజమానులు అమ్మగలిగినది పేరును, ఆటగాళ్ళను, ఆడే అర్హతను. ఈ స్నేహం వారి ఆస్తి జాబితాలో లేదు.

ఈ సందర్భంలో మన విద్యార్థులకు, కళాశాల పాలకవర్గం వారికి ఒక్క మనవి. దూరపు జట్టుమీద పెంచుకొన్న ప్రేమలో కొంత భాగం మన మైదానానికి కూడ దక్కవలసి ఉన్నది. మన కళాశాల జట్టు ఆడేటప్పుడు గీత వెలుపల నిలబడి చూచేవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. ఆటగాళ్ళు గోలు కొట్టి వెనుదిరిగి చూస్తే, చప్పట్లు కొట్టేవారు గోలుకీపరూ, బూట్లు కాపలా కాసే మిత్రుడూ మాత్రమే. వానకాలంలో మైదానపు ఒక మూల మడుగు కడుతుంది, అక్కడ బంతి ఆగుతుంది. నాలుగు బండ్ల మట్టి, రెండు గోలుపోస్టులకు వలలు, సాయంకాలం ఒక గంట అదనపు సమయం కలిగితే ఆ కొరత తీరుతుంది. ఈ జట్టును మరొక నగరానికి ఎవరూ తరలించలేరు. ఇందులో ఆడేవాడు మన బెంచీమీద కూర్చునేవాడే కనుక, ఇక్కడ "మనం గెలిచాం" అంటే ఆ మాటలో అతిశయోక్తి ఉండదు.

వచ్చే సీజనులో మన కళాశాల తొలి ఆట ఆడే సాయంకాలం, గెలుపైనా ఓటమైనా, ఆ గీత వెంబడి ఒక యాభైమంది నిలబడి ఉంటే ఈ వ్యాసం వ్రాసినందుకు మాకు ఫలితం దక్కినట్లే. గెలిస్తే "మనం గెలిచాం" అందాం. ఓడితే "వాళ్ళు ఓడారు" అనకుండా "మనం ఓడాం" అని, బంతి చంకన పెట్టుకొని కలిసే ఇంటికి నడుద్దాం.